గేజి మీద అనుమానమా? నీళ్లను అడగండి

పాఠకుల ప్రశ్నలకు ఒక రిటైర్డ్ ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ జవాబులు

థర్మామీటర్ల గురించి రాసిన దగ్గర నుంచి ఉత్తరాలన్నీ గాలి మీదికి మళ్లాయి. వాక్యూమ్ గేజి, బీపీ మిషను, టైర్లలో గాలి, ఆఖరికి కుక్కర్ విజిల్. అందరి అనుమానమూ ఒక్కటే: నా దగ్గరున్నది సరిగ్గా చూపిస్తోందా, పెద్ద ఖర్చు లేకుండా తెలుసుకునే దారి ఉందా? బాలానగర్‌లో ఒక కర్మాగారం ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్‌లో నా ఉద్యోగమంతా ఈ పనిలోనే గడిచింది. ఒక గేజిని ఇంకో గేజి పక్కన పెట్టి, రెండూ ఒకే అంకె చూపిస్తే తృప్తిపడటం నాకు మొదటి నుంచీ గిట్టదు. ఒకే అచ్చులో తయారైనవి రెండూ ఒకేలా తప్పు చూపించవచ్చు. నీటి ఎత్తు, నీరు మరిగే వేడి, బరువు - పోలిక వీటితో పెట్టుకోండి. ఇవి కంపెనీని బట్టి మారవు.

ప్రశ్న: సార్, ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేస్తాను. కొత్తగా వాక్యూమ్ పంపు కొన్నాను. ఎంతసేపు నడిపినా గేజి ముల్లు 28 అంగుళాల దగ్గరే ఆగిపోతోంది. వీడియోల్లో 29.9 రావాలంటున్నారు. పంపు మార్చమంటే దుకాణదారు ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి?
- ఏసీ మెకానిక్, మలక్‌పేట

జవాబు: ముందు ఆ దుకాణదారుతో తగాదా ఆపండి. ఈ ఒక్క విషయంలో న్యాయం ఆయన వైపే ఉంది. 29.92 అంగుళాలు అనేది సముద్రమట్టం దగ్గర లెక్క. అక్కడ గాలి పీడనం 1013 మిల్లీబార్లు, అంటే 760 మిల్లీమీటర్ల పాదరసం. మన హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ మన మీద ఉన్న గాలే 950 మిల్లీబార్ల దగ్గర ఉంటుంది. పాదరసంలో చెబితే దాదాపు 713 మిల్లీమీటర్లు, అంగుళాల్లో 28.05. మీ గేజి కొలిచేది లోపలి పీడనానికీ బయటి గాలికీ మధ్య ఉన్న తేడాను. బయట ఉన్నదే 28 అయినప్పుడు ప్రపంచంలోని ఏ పంపూ హైదరాబాదులో 29.9 చూపించలేదు. ఎవరి గేజి అయినా ఇక్కడ 29.5 చూపిస్తే అనుమానించవలసింది ఆ గేజినే. వానాకాలంలో ఈ 950 నాలుగైదు తగ్గుతుంది, చలికాలంలో అంతే పెరుగుతుంది. మీ ముల్లు మీద ఆ తేడా కనిపించదు.

అలాగని పంపు మంచిదని నేను హామీ ఇవ్వడం లేదు. అసలు చిక్కు వేరే ఉంది. ఏసీ పైపుల్లో తేమ పోవాలంటే లోపల నీరు మరిగి ఆవిరై బయటికి రావాలి. 30 డిగ్రీల వేడి ఉన్న నీరు 31.8 మిల్లీమీటర్ల పాదరస పీడనం దగ్గర మరుగుతుంది. మన ఊళ్లో మీ గేజి మీద అది 26.8 అంగుళాల చోటు. అంటే మీ పని మొదలయ్యేదే 26.8 దగ్గర. 28.05 దగ్గర డయల్ అయిపోతుంది. మధ్యలో ఉన్న ఆ అంగుళంపావులోనే కథంతా నడుస్తుంది. ఏసీకి కావాలని చెప్పే 500 మైక్రాన్లంటే అర మిల్లీమీటరు పాదరసం, అంగుళంలో యాభయ్యో వంతు. మీ ముల్లు మందమే అంతకన్నా ఎక్కువ.

అందుకని ఈ పనికి సొంత తయారీ ఉపాయాలు చెప్పను. డిజిటల్ మైక్రాన్ గేజి ఒకటి కొనండి. లోపల మిగిలిన గాలి ఒక వేడి తీగ నుంచి ఎంత వేడిని మోసుకుపోతుందో చూసి పీడనం చెప్పడం ఈ రకం గేజిల్లో చాలావాటి పద్ధతి. 1906లో పిరానీ కనిపెట్టిన సూత్రమే. దాన్ని బిగించి, పంపు వైపు వాల్వు మూసి, చూస్తూ కూర్చోండి. అంకె పెరిగి ఒకచోట నిలబడిపోతే లోపల ఇంకా తేమ ఉంది. ఆగకుండా పెరుగుతూనే పోతే ఎక్కడో లీకు ఉంది. పంపును నేరుగా గేజికే బిగించి చూసినప్పుడు అంకె దిగకపోతే, అప్పుడు వెళ్లి దుకాణదారును అడగండి. అడిగే ముందు పంపులో నూనె మార్చండి.

ప్రశ్న: మాస్టారూ, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. కోఠి గుజరాతీ గల్లీలో గాలి పీడనం కొలిచే బీఎంపీ 280 సెన్సార్ కొన్నాను. అది 947.6 చూపిస్తోంది. ఫోన్లో వాతావరణం యాప్ 1009 అంటోంది. నకిలీ సరుకు అంటగట్టారా?
- విద్యార్థి, ఘట్‌కేసర్

జవాబు: సెన్సార్ నిజమే చెబుతోంది, యాప్ కూడా నిజమే చెబుతోంది. ఊరి ఎత్తు వల్ల వచ్చే తేడాను తీసేసి, ప్రతి ఊరూ సముద్రమట్టాన ఉన్నట్టు లెక్కగట్టి చెప్పడం వాతావరణ శాఖల ఆనవాయితీ. లేకపోతే మచిలీపట్నాన్నీ హైదరాబాదునూ ఒకే పటం మీద పోల్చలేరు. మీ సెన్సార్‌కు ఆ ఆనవాయితీ తెలియదు. అది ఉన్నచోట ఉన్న గాలినే చెబుతుంది. (మిల్లీబారు, హెక్టోపాస్కల్ ఒకటే. కంగారుపడవద్దు.)

ఇప్పుడు దాన్ని సరిచూద్దాం. శంషాబాద్ విమానాశ్రయం అరగంటకోసారి ఇచ్చే వాతావరణ సమాచారంలో క్యూ అనే అక్షరం పక్కన నాలుగంకెలు ఉంటాయి. ఉదాహరణకు 1009. అది సముద్రమట్టానికి మార్చిన పీడనం. మీరున్న చోటు ఎత్తు 500 మీటర్లయితే దాన్ని 0.9421తో, 540 మీటర్లయితే 0.9376తో గుణించండి. మధ్యలో ఉంటే ప్రతి 10 మీటర్లకూ 0.0011 చొప్పున సర్దుకోండి. 540 మీటర్ల దగ్గర 1009కి వచ్చేది 946.0. విమానాశ్రయం వాళ్లు దశాంశాన్ని వదిలేసి కింది పూర్ణాంకాన్నే ఇస్తారు, కాబట్టి ఒక్కరోజు పోలికతో తేల్చకండి. కొన్నాళ్లపాటు రాసుకుని తేడాల సగటు తీయండి. ఈ సెన్సార్‌కు తయారీదారు చెప్పే కచ్చితత్వం ఒక మిల్లీబారు అటూ ఇటూ. సగటు తేడా రెండు లోపు ఉంటే ఆ తేడాను ప్రోగ్రాములో తీసేసి వాడుకోండి.

అసలు ఇబ్బంది ఎత్తు తెలుసుకోవడంలోనే ఉంది. ఇక్కడ 9 మీటర్లు పైకి వెళితే ఒక మిల్లీబారు తగ్గుతుంది. ఎత్తులో తప్పు చేస్తే పీడనంలో తప్పు చేసినట్టే. ఫోన్ జీపీఎస్ చూపే ఎత్తును గుడ్డిగా తీసుకోకండి. ఉపగ్రహాలు భూమిని నున్నటి దీర్ఘగోళంగా ఊహించుకుని కొలుస్తాయి. మన ప్రాంతంలో ఆ ఊహాగోళానికీ అసలు సముద్రమట్టానికీ డెబ్బై మీటర్లకు పైనే తేడా ఉంది. కొన్ని యాప్‌లు దాన్ని సరిచేస్తాయి, కొన్ని చేయవు. సరిచేయని యాప్ చేతిలో ఉంటే మీ లెక్క ఎనిమిది మిల్లీబార్లు పక్కకు పోతుంది. పాపం, నింద సెన్సార్ మీద పడుతుంది.

దీనికి నాకు నచ్చిన మందు రైల్వే స్టేషన్. ప్లాట్‌ఫారం చివర పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది. ఘట్‌కేసర్ స్టేషన్ మీకు దగ్గరే. బోర్డు దగ్గర నిలబడి సెన్సార్ చూసుకోండి. రైల్వేవాళ్లు మీకోసం సర్వే చేసి, పెయింటు కూడా వేసి పెట్టారు. ప్లాట్‌ఫారం టికెట్టు మాత్రం కొనండి.

గాలిదుమారం రోజున ఈ పని పెట్టుకోకండి. మామూలు రోజున కూడా ఉదయం పది గంటల ప్రాంతంలో పీడనం ఎక్కువగా, సాయంత్రం నాలుగింటికి తక్కువగా ఉంటుంది. మన అక్షాంశాల్లో ఆ తేడా మూడు నాలుగు మిల్లీబార్లు. ఉదయం విమానాశ్రయం అంకెను సాయంత్రం సెన్సార్‌తో పోల్చినవారు చాలామంది ఉన్నారు. మీరు ఆ జాబితాలో చేరకండి.

తేడాలను ఎంత బాగా పసిగడుతుందో చూడాలంటే హాస్టల్ మేడ ఎక్కండి. నూలుతాడుకు రాయి కట్టి ఎత్తు కొలవండి. 30 మీటర్లకు 3.2 మిల్లీబార్లు తగ్గాలి. గోల్కొండ కోట మెట్లెక్కి బాలా హిస్సార్ దాకా వెళితే 120 మీటర్లకు పదమూడు దాకా తగ్గుతుంది. చార్మినార్ ఎత్తు 56 మీటర్లకు ఆరు. మరొక మాట: తేమ కూడా కొలిచే బీఎంఈ 280 అని చెప్పి బీఎంపీ 280 అమ్మడం మామూలైపోయింది. చిప్ గుర్తింపు సంఖ్యను ప్రోగ్రాముతో చదివించండి. పదహారు ఆధారంగా ఉన్న అంకెల్లో 58 వస్తే బీఎంపీ, 60 వస్తే బీఎంఈ.

ప్రశ్న: అయ్యా, ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. పీడనం పాఠానికి పిల్లలే తయారుచేసుకునే పరికరం కావాలి. బడ్జెట్ దాదాపు లేదనే అనుకోండి. స్టోర్‌రూములో పాత పాదరసం బారోమీటరు ఒకటి ఉంది, దాన్ని వాడవచ్చా?
- ఉపాధ్యాయురాలు, ఉప్పల్

జవాబు: అమ్మా, ఆ బారోమీటరును కదపకండి. పాదరసం ఒలికితే గచ్చు పగుళ్లలో చేరి ఏళ్ల తరబడి ఆవిరి వదులుతుంది. దాన్ని నిలువుగానే, ఎవరూ తగలని చోట ఉంచి, పాదరసం భద్రంగా తీసుకెళ్లగలిగిన వారికి అప్పగించమని పైఅధికారులకు రాయండి. మన పనికి అది అక్కరలేదు.

మేస్త్రీలు గోడల మట్టం చూసుకోవడానికి వాడే పారదర్శకమైన లెవెల్ పైపు ఉంది కదా, అదే మీ పరికరం. మూడు మీటర్లు కొనండి. ఒక పొడవాటి చెక్కకు దాన్ని 'యు' ఆకారంలో క్లిప్పులతో బిగించి, మధ్యలో దర్జీ టేపు అతికించండి. కాచి చల్లార్చిన నీటిలో మిఠాయి రంగు, గిన్నెలు తోమే సబ్బు ఒక్క చుక్క కలిపి సగం దాకా పోయండి. కాచిన నీరు ఎందుకంటే అందులో కరిగిన గాలి తక్కువ, తరువాత బుడగలు రావు. పైపు మధ్యలో బుడగ ఉంటే కొలత మొత్తం తప్పుతుంది. పిల్లలకు ముందు బుడగలు వెతికే పనే ఇవ్వండి. సబ్బు చుక్క వల్ల నీరు గోడకు పట్టుకోకుండా సాఫీగా జారుతుంది. పైపు ఎంత లావన్నది, నిటారుగా ఉందా వంకరగా ఉందా అన్నది లెక్కలోకి రాదు. రెండు నీటి మట్టాల మధ్య నిలువు తేడా ఒక్కటే లెక్క. ఈ ఒక్క సంగతి పిల్లలు చేతులతో చేసి నమ్మితే పాఠం సగం అయిపోయినట్టే.

పుస్తకం ప్రకారం ఒక సెంటీమీటరు నీటికి 98 పాస్కళ్లు. మన దగ్గర 30 డిగ్రీల నీరు కొంచెం తేలికగా ఉంటుంది, ఘనమీటరుకు 995.7 కిలోలు. గురుత్వ త్వరణం కూడా పుస్తకంలోని 9.807 కాదు, ఇక్కడ 9.783. రెండూ కలిపితే సెంటీమీటరుకు 97.4 పాస్కళ్లు. తేడా వందకు ఒకటి కూడా లేదు. తొమ్మిదో తరగతికి చెప్పనక్కరలేదు. ఎవరైనా గడుసు పిల్లవాడు అడిగితే మాత్రం చెప్పండి.

ఒక కొసకు చిన్న గొట్టం పెట్టి పిల్లలను ఊదమనండి. చాలామంది అర మీటరు దాటిస్తారు. పోటీ పెట్టి ముఖాలు ఎర్రబడేదాకా ఊదనివ్వకండి. ప్రతి ఒక్కరికీ గొట్టం మార్చండి. ఫ్యాన్ గాలి, కిటికీలో గాలి లాంటి చిన్న పీడనాలకు మట్టం తేడా మిల్లీమీటర్లలోనే ఉండి కంటికి ఆనదు. అప్పుడు ఒక వైపు పైపును దాదాపు పడుకోబెట్టండి. పది సెంటీమీటర్ల పొడవుకు ఒక సెంటీమీటరు మాత్రమే లేచేలా వాలు పెడితే, ఒక మిల్లీమీటరు తేడాకు నీరు పది మిల్లీమీటర్లు పరిగెడుతుంది. పరిశ్రమల్లో చిమ్నీ లాగుడును ఇప్పటికీ ఇలాంటి వాలు గొట్టాలతో కొలుస్తారు.

మీ బడిలో కంప్యూటర్ క్లబ్బు ఉంటే ఇంకొక మెట్టు ఎక్కవచ్చు. ఎంపీఎక్స్ 5010 అనే సెన్సార్ సున్నా నుంచి 10 కిలోపాస్కళ్ల వరకు కొలుస్తుంది. సున్నా దగ్గర 0.2 వోల్టులు, పది దగ్గర 4.7 వోల్టులు ఇస్తుంది. పది కిలోపాస్కళ్లంటే మన నీటి లెక్కలో 102.7 సెంటీమీటర్లు. అంటే ఒక మీటరు లెవెల్ పైపు ఈ సెన్సార్‌కు దాదాపు పూర్తి పరీక్ష. బీపీ మిషను రబ్బరు బుడ్డితో గాలి కొట్టి, టీ ఆకారపు జాయింటుతో పైపుకూ సెన్సార్‌కూ కలిపి, 25, 50, 75, 100 సెంటీమీటర్ల దగ్గర వోల్టేజి రాయించండి. ఎక్కేటప్పుడే కాదు, దిగేటప్పుడు కూడా. రెండు వరసలూ కలవకపోతే సెన్సార్‌ను తిట్టే ముందు జాయింట్లలో లీకు చూడండి. తప్పు సాధారణంగా అక్కడే ఉంటుంది.

పెద్ద ప్రదర్శన కావాలంటే మూడంతస్తుల మెట్ల పక్కన నీటి బారోమీటరు నిలబెట్టండి. టోరిచెల్లి 1640లలో పాదరసంతో చేసిన పనినే జర్మనీలో ఓటో ఫాన్ గెరికె నీటితో తన ఇంటి గోడకే కట్టాడు. పది మీటర్లకు పైగా ఉన్న పైపును నిండా నింపి, పై కొస గట్టిగా మూసి, కింది కొసను బకెట్ నీటిలో ఉంచి తెరిస్తే నీరు కొంత దిగి ఆగుతుంది. ఇక్కడి గాలి మోయగలిగింది 9.75 మీటర్లు. కానీ పైన ఏర్పడిన ఖాళీలో నీటి ఆవిరి చేరి కిందికి నెడుతుంది. 30 డిగ్రీల దగ్గర అందులో 43 సెంటీమీటర్లు పోయి 9.3 మీటర్ల దగ్గర నిలుస్తుంది. ఎండ ఎక్కేకొద్దీ ఇంకా దిగుతుంది. అందుకే నీటి బారోమీటరు చూడటానికే గొప్ప, కొలతకు పనికిరాదు. లెవెల్ పైపు దీనికి వద్దు, పైభాగంలో నొక్కుకుపోయి అతుక్కుపోతుంది. లోపల నైలాన్ జాలీ ఉన్న దళసరి పైపు రాణిగంజ్‌లో దొరుకుతుంది.

ప్రశ్న: నమస్కారం. ఇంట్లో డయల్ ఉన్న బీపీ మిషను, డిజిటల్ మిషను రెండూ ఉన్నాయి. ఎప్పుడూ కలవవు. ఏది నమ్మాలి?
- విశ్రాంత ఉద్యోగి, కూకట్‌పల్లి

జవాబు: డయల్ మిషనును మీరే సరిచూడవచ్చు. నూరు మిల్లీమీటర్ల పాదరసం అంటే మన నీటిలో 137 సెంటీమీటర్లు. 200 అంటే 274. పైన చెప్పిన 'యు' గొట్టాన్నే ఒక్కో వైపు మూడు మీటర్లు వచ్చేలా మెట్ల దగ్గర కట్టండి. పట్టీని చేతికి బదులు గట్టి సీసాకు చుట్టి, టీ జాయింటుతో గొట్టానికి కలిపి గాలి కొట్టండి. మట్టాల తేడా 137 సెంటీమీటర్లు అయినప్పుడు ముల్లు 97 నుంచి 103 మధ్య ఉండాలి. మూడు అటూ ఇటూ ఉండటం ఈ మిషన్లకు మామూలు. నీరు డయల్ లోపలికి పోకుండా బుడ్డిని నెమ్మదిగా నొక్కండి.

డిజిటల్ మిషను పట్టీలోని గాలిని కొలవడంతో ఆగదు. నాడి అలలను బట్టి లెక్కగట్టి అంకె చెబుతుంది. ఆ లెక్కను నీటి గొట్టం పరీక్షించలేదు. దాన్ని డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లి, ఆయన చూసిన వెంటనే మీరూ చూసుకోండి. నా గొట్టాన్ని నమ్ముకుని మాత్రలు తగ్గించకండి.

ప్రశ్న: సార్, సిలికాన్ అచ్చులు పోసే చిన్న యూనిట్ మాది. బుడగలు తీయడానికి వాక్యూమ్ గది ఉంది. దానికి రెండు గేజిలు ఉన్నాయి. ఒకటి 650 మిల్లీమీటర్లు, రెండోది 690 చూపిస్తున్నాయి. ఏది నిజం?
- యూనిట్ నిర్వాహకుడు, జీడిమెట్ల

జవాబు: రెండింట్లో ఒకటి నిజమై ఉండాలని ఎందుకనుకుంటున్నారు?

గది మూత తీసి రెండు ముళ్లూ సున్నా దగ్గర ఉన్నాయో లేదో చూడండి. సున్నా దగ్గర చిన్న ఆపుడు పుల్ల ఉన్న గేజిలో ముల్లు ఆ పుల్ల మీద కూర్చుని తప్పును దాచేస్తుంది. అద్దం మీద వేలితో మెల్లగా తట్టి చదవడం అలవాటు చేసుకోండి. 1849లో బూర్డాన్ పేటెంటు తీసుకున్న వంపు గొట్టమే ఇప్పటికీ మీ గేజిలో ఉంది. దాని పళ్లచక్రాలు అరిగేకొద్దీ ముల్లు బద్ధకిస్తుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. చిన్న గాజు కప్పులో కాచి చల్లార్చిన నీరు నాలుగు చెంచాలు పోసి, అందులో మంచి థర్మామీటరు నిలబెట్టి, గదిలో పెట్టి పంపు వేయండి. మొదట సన్నని బుడగలు వస్తాయి, అది కరిగిన గాలి. దాన్ని చూసి మోసపోవద్దు. తరువాత అడుగు నుంచి పెద్ద బుడగలు లేచి నీరు కుతకుతమంటుంది. ఆ క్షణంలో నీటి వేడినీ, రెండు గేజిలనూ కలిపి రాసుకోండి. నీరు మరుగుతూ తనను తానే చల్లబరుచుకుంటుంది, కాబట్టి మొదట్లో ఉన్న వేడి కాదు, అప్పటి వేడి కావాలి. 30 డిగ్రీల దగ్గర మరిగితే లోపలి పీడనం 31.8 మిల్లీమీటర్లు. మన ఊరి 713 లోంచి అది తీసేస్తే గేజి 681 చూపాలి. అలా అయితే మీ 690 గేజి తొమ్మిది ఎక్కువ చెబుతోంది, 650 గేజి ముప్పై ఒకటి తక్కువ చెబుతోంది.

ఒక్క చోటుతో ఆగనక్కరలేదు. వేడినీటితో మొదలుపెట్టండి. 80 డిగ్రీల నీరు 355 మిల్లీమీటర్ల దగ్గర, 60 డిగ్రీలది 149 దగ్గర, 40 డిగ్రీలది 55 దగ్గర మరుగుతాయి. ఈ నగరంలో మీ గేజి మీద అవి వరసగా 358, 564, 658. కెటిల్, థర్మామీటరు పెట్టుకుని డయల్ పైసగం మొత్తానికీ తప్పుల పట్టిక తయారుచేసి గేజి పక్కన అతికించుకోవచ్చు. ఆ రోజు గాలి పీడనం 713 కాకుండా ఎంతో పైన విద్యార్థికి చెప్పిన పద్ధతిలో చూసుకోండి. ఆవిరి పంపు నూనెలో చేరుతుంది. పంపుకు గ్యాస్ బల్లాస్ట్ వాల్వు (ఆవిరి నూనెలో కలవకుండా కొంచెం బయటి గాలిని లోపలికి వదిలేది) ఉంటే తెరిచి ఉంచండి. పరీక్ష అయ్యాక నూనె మార్చండి.

సిరంజితో చేయవచ్చా అని కూడా అడిగారు. చేయవచ్చు, బాయిల్ 1662లో చెప్పిన సూత్రమే. మూసిన సిరంజిలో 20 మిల్లీలీటర్ల గాలిని 40కి లాగితే పీడనం సగమవుతుంది, అంటే 475 మిల్లీబార్లు. కానీ గేజిలో, గొట్టంలో ఇంకొక 2 మిల్లీలీటర్ల గాలి దాగి ఉంటే అది 22 నుంచి 42కి వెళ్లినట్టు. అప్పుడు వచ్చేది 498. ఈ దాగిన గాలిని లెక్కలోకి తీసుకోనివారు సిరంజిని తప్పుపడతారు. గొట్టం నింపడానికి ఎంత నీరు పడుతుందో కొలిస్తే దాని వాటా తేలిపోతుంది. గేజి లోపల మాత్రం నీరు పోయకండి. బాయిల్ సూత్రాన్నే తిరగేసి, పలచని గాలిని నొక్కి కొలిచే మెక్‌లియాడ్ గేజి 1874 నుంచి ఉంది. దానికి పాదరసం కావాలి, మీకు వద్దు.

చివరిగా, మీ గది మూత గురించి. 20 సెంటీమీటర్ల వెడల్పు గుండ్రటి మూత మీద పూర్తి వాక్యూమ్‌లో బయటి గాలి వేసే బరువు 300 కిలోలు. పచ్చడి జాడీలు, పలచని గాజు సీసాలు దీనికి తట్టుకోవు. రక్షణ కళ్లద్దాలు లేకుండా ఆ గది ముందు నిలబడకండి.

ప్రశ్న: కుక్కర్ విజిల్ సరైన ప్రెషర్ దగ్గరే లేస్తోందా అని ఇంట్లో చూసుకునే మార్గం ఉందా?
- గృహిణి, వనస్థలిపురం

జవాబు: ఉందమ్మా, చాలా సులువు. లేబొరేటరీల్లో గేజిలను సరిచూసే డెడ్ వెయిట్ టెస్టర్‌కూ మీ విజిల్‌కూ సూత్రం ఒక్కటే: తెలిసిన బరువు, తెలిసిన రంధ్రం. విజిల్‌ను వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచండి. అది కూర్చునే రంధ్రం వ్యాసం చూడండి. ఉదాహరణకు బరువు 70 గ్రాములు, రంధ్రం 3 మిల్లీమీటర్లు అయితే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో వస్తుంది. మన కుక్కర్లు సాధారణంగా పనిచేసేది ఆ ఒత్తిడి దగ్గరే. బయటి గాలి తక్కువ కాబట్టి అదే కుక్కర్ లోపల మచిలీపట్నంలో 120 డిగ్రీలు ఉంటే మన దగ్గర 119. పప్పుకు ఆ డిగ్రీ తెలియదు. విజిల్‌కు అదనంగా బరువు కట్టడం, రంధ్రంలో మెతుకు ఇరుక్కున్నా పట్టించుకోకపోవడం రెండూ ప్రాణాంతకం.

ప్రశ్న: ఇన్ని ఉపాయాలు ఉన్నప్పుడు గేజిలను డబ్బు పెట్టి లేబొరేటరీకి పంపడం దండగ కాదా?
- కంప్రెసర్ల యూనిట్ యజమాని, చర్లపల్లి

జవాబు: కాదు. మీ గాలి ట్యాంకు మీది గేజి, సేఫ్టీ వాల్వు, బాయిలరు గేజి, ఆక్సిజన్ లైను - వీటికి ఎన్ఏబీఎల్ (లేబొరేటరీలకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న లేబొరేటరీ సర్టిఫికెట్టే కావాలి. ఆ లేబొరేటరీ గేజిని ఇంకొకరు సరిచూస్తారు, ఆ ఇంకొకరిని మరొకరు. ఆ వరుస చివర ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ ప్రమాణాలు ఉంటాయి. మీ బకెట్‌కు ఆ వంశవృక్షం లేదు. నేను చెప్పే పరీక్షలు సర్టిఫికెట్ల మధ్య కాలంలో గేజి దారి తప్పిందేమో కనిపెట్టడానికి.

ఖర్చు తగ్గించుకోవాలంటే కొనేటప్పుడే ఆలోచించండి. డయల్ మీద 1.6 అని చిన్న అంకె ఉంటే, తప్పు పూర్తి డయల్‌లో 1.6 శాతం దాకా ఉండవచ్చని అర్థం. 10 కిలోల గేజిలో అది 0.16 కిలో. ఆ గేజితో మీరు అర కిలో కొలిస్తే మూడో వంతు తప్పుకు సిద్ధపడ్డట్టే. పని ఒత్తిడి డయల్ మధ్యభాగంలో పడే గేజి తీసుకోండి. పెద్ద డయల్ కొంటే ఎన్నటికైనా పనికొస్తుందనే మాట దుకాణాల్లో వింటుంటాను. నమ్మకండి.

ప్రశ్న: కారు టైర్లకు కాలి పంపు కొన్నాను. దాని గేజి 33 చూపిస్తే పెట్రోలు బంకులో 29 అంటున్నారు. ఎవరిది తప్పు?
- పాఠకుడు, అల్వాల్

జవాబు: ముందు టైరు వేడి సంగతి. ఎండలో తిరిగి బంకుకు వెళితే పది డిగ్రీల వేడికి ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. రెండు గేజిలనూ చల్లటి టైరు మీదే పోల్చాలి. ఎత్తు సవరణ దీనికి అక్కరలేదు, టైరు గేజి చెప్పేది బయటి గాలితో ఉన్న తేడానే. అయితే ఇక్కడ నింపిన టైరుతో సముద్రతీరానికి వెళ్తే, వేడి మారకపోయినా దాదాపు ఒక పీఎస్ఐ తక్కువ చూపిస్తుంది.

కాలి పంపు గేజిని సరిచూడటానికి మీ అపార్ట్‌మెంట్ మీది నీళ్ల ట్యాంకు చాలు. ట్యాంకులోని నీటి మట్టం నుంచి కింద పార్కింగ్‌లోని కుళాయి దాకా ఎత్తు కొలవండి. ఐదంతస్తుల భవనంలో అది 18 మీటర్లనుకుంటే కుళాయి దగ్గర ఒత్తిడి 25.4 పీఎస్ఐ. గేజిని పంపు నుంచి విప్పి, పైపు ముక్కతో కుళాయికి క్లిప్పు వేసి బిగించి తెరవండి. ఎత్తును గేజి ఉన్న చోటు దాకా కొలవాలి. 33 దగ్గరే సరిచూడాలంటే 23.4 మీటర్ల ఎత్తు కావాలి, ఎనిమిదంతస్తుల వాళ్లతో స్నేహం చేసుకోండి. ఆ కుళాయి నేరుగా ట్యాంకు లైను మీద ఉండాలి, మధ్యలో ప్రెషర్ పంపు ఉండకూడదు. ఎవరైనా స్నానం చేస్తుంటే ప్రవాహంలో ఒత్తిడి తగ్గి గేజి తక్కువ చూపిస్తుంది. అందుకని మధ్యాహ్నం మూడు గంటలప్పుడు చేయండి, మోటారు వేయవద్దని వాచ్‌మన్‌కు ముందే చెప్పండి.